బొట్టు కింది అతుకు

ఏం పని చేసేవారని ఎవరైనా అడిగితే, పార్కులో ఆటల మెషీన్లకు మరమ్మతులు చేసేవాణ్నని చెబుతాను. వెంటనే నవ్వుతారు. "అయితే రోజూ సరదాయేనన్నమాట" అంటారు. ఇరవై రెండేళ్లు ఆ మాట విన్నాను. మొదట్లో కూర్చోబెట్టి వివరించేవాణ్ని. ఇప్పుడు ఓపిక లేదు, తలూపి ఊరుకుంటాను.

ఈమధ్య మాల్సులో పిల్లల ఆటస్థలాలు పెరిగాయి. ఐటీఐ చదివినవాళ్లు ఇద్దరు ముగ్గురు అలాంటి చోట ఉద్యోగాల్లో చేరబోతూ సలహా కోసం మా ఇంటికి వచ్చారు. నోటితో చెబితే పావుగంట విని ఫోన్లు చూసుకున్నారు. వాళ్ల తప్పు కాదు, ముసలివాళ్లు చెప్పేది ఎప్పుడూ పొడుగే. అందుకని కాయితం మీద పెడుతున్నాను. జీతాలు, ప్రమోషన్లు ఇందులో లేవు. నేను చేసిన ఒక తప్పు ఉంది. దాని కోసమే మిగతాదంతా.

చీకటి గొడౌనులో వెన్నెల

మా పార్కు పేరు వెన్నెల లోకం. రాజమండ్రి ఊరి చివర ఒకప్పుడు ధాన్యం బస్తాలు నిలవ చేసిన పెద్ద గొడౌను అది. కిటికీలన్నీ మూసేసి, పైకప్పు కింద నల్లటి నీలిరంగు గుడ్డ పరిచి, దానికి చిన్న చిన్న బల్బులు గుచ్చారు. బయట మిట్టమధ్యాహ్నం అయినా లోపల నిండు వెన్నెల. చుట్టూ తిరిగే పొట్టి రైలు, డాషింగ్ కార్లు, చిన్న జెయింట్ వీలు, దెయ్యాల గుహ, నట్టనడుమ పడవ. రెండు వైపులా ఇనప కాళ్ల మీద అడ్డంగా ఒక ఇరుసు, దానికి నాలుగు చేతులతో వేలాడుతూ ఉయ్యాలలా ఊగే పెద్ద పడవ. ముందుభాగాన రాజహంస తల.

అన్నిటికన్నా పెద్ద ఆట ఏదంటే ఏసీ. రోహిణి కార్తెలో గోదావరి జిల్లాల ఉక్క తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. లోపలికి రావడానికి మాత్రం టికెట్ కొనుక్కుని, ఏ ఆటా ఎక్కకుండా, చల్లగాలి గొట్టం కింద బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చునేవాళ్లుండేవారు. ఒక పెద్దావిడ ప్రతి ఆదివారం కూరగాయల సంచీతో వచ్చి అక్కడే చిక్కుడుకాయలు ఒలుచుకునేది. మేనేజరు లేపబోతే, "నేనేం ఆడట్లేదు కదా నాయనా, నీ మెషీన్లు అరిగిపోవు" అనేది.

అందులో చేరకముందు నేను నిడదవోలులో రైసు మిల్లు ఫిట్టర్ని. చదివింది డిప్లొమా. అయినా పార్కులో అందరూ 'ఇంజినీరు గారూ' అనేవారు. ఆ పిలుపు నాకు ఇష్టంగానే ఉండేది. అదే నన్ను కొంత చెడగొట్టిందని ఇప్పుడనిపిస్తుంది.

పని అంటే

ఆటల పార్కులో మెకానిక్కు పనిలో ముప్పాతిక భాగం చెప్పులే. ఊగే పడవలోంచి, తిరిగే వీలు లోంచి రోజుకి పది చెప్పులు పడతాయి. కింద మోటారు పక్కన ఇరుక్కుంటాయి. తరవాత తలపిన్నులు, జేబులోని చిల్లర, చున్నీలు. చున్నీని చూసి భయపడటం నేర్చుకోండి. ఎంత బతిమాలినా ముడి వేసుకోని ఆడపిల్లని ఎక్కించకండి. ఏడ్చినా సరే, వాళ్ల నాన్న అరిచినా సరే.

ఇక వాంతులు. తుడిచేవాళ్లు వేరే ఉంటారనుకుంటారు. ఉండరు. ఉన్నా, గేరుపెట్టె మీద పడ్డది మనమే తుడవాలి.

ఆ తరవాత తుప్పు. గోదావరి గాలికి ఇనుము నిలవదు. నదిగాలి, కాలవల తేమ, దానికి తోడు ఏసీ గొట్టాల్లోంచి కారే నీళ్లు. పెయింటు కింద తుప్పు ఎలా పొంగుతుందో చేత్తో తడిమి తెలుసుకోవాలి. కళ్లతో చూస్తే కనపడదు. ఈ మాట నేను నా కింద పనిచేసినవాళ్లకి వందసార్లు చెప్పాను. నేను మాత్రం ఒకచోట తడమలేదు. అక్కడికి వస్తాను.

ఎలుకల గురించి కూడా చెప్పాలి గానీ, వాటి గురించి మొదలెడితే రాత్రయిపోతుంది.

వీరభద్రం గారు

మా ఓనరు వీరభద్రం గారు. బట్టల వ్యాపారం చేసే కుటుంబం. మెషీన్ల గురించి ఏమీ తెలియదు. తెలియదని ఒప్పుకునేవారు కూడా. అలాంటి ఓనరు దొరకడం అదృష్టం. మనుషుల గురించి మాత్రం ఆయనకి తెలిసినంత నాకు ఇప్పటికీ తెలియదు.

పార్కు తెరిచిన కొత్తలో ఒకసారి కరెంటు పోయి జెయింట్ వీలు ఆగిపోయింది. జనరేటరు అందుకోలేదు. నేను టార్చి పట్టుకుని జనరేటరు దగ్గరికి పరిగెత్తాను. కటిక చీకటి, పైన తొట్లలో జనం కేకలు. ఒకావిడ తొట్టి తలుపు తీసుకుని దిగబోయిందట. నేను డీజిలు గొట్టం సరిచేసుకుని వచ్చేసరికి అక్కడ నిశ్శబ్దం. వీరభద్రం గారు వీలు కింద నిలబడి, టార్చి తన మొహం మీదకే వేసుకుని, పైకి చెబుతున్నారు.

"అమ్మా, నేను దీని ఓనర్నండి. ఇదుగో ఇక్కడే నిలబడ్డాను. మీలో ఆఖరివాళ్లు దిగేదాకా ఇక్కణ్నించి కదలను. భోజనం కూడా చెయ్యలేదు, మీకెంత తొందరో నాకూ అంతే."

ఎవరో నవ్వారు. తరవాత అందరూ సర్దుకుని కూర్చున్నారు.

జనం వెళ్లిపోయాక నన్ను పిలిచి, "నువ్వు మెషీను దగ్గరికి పరిగెత్తావయ్యా, మనుషుల్ని వదిలేసి" అన్నారు. కోప్పడలేదు. అంతే అన్నారు. మీకు ఈ రాతలో ఒక్కటే గుర్తుండాలంటే ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఆయన మంచివారు. మంచివాళ్లు కూడా భయపడితే ఏం చేస్తారో తరవాత చూశాను. నన్ను నేనూ చూసుకున్నాను.

నూకరాజు

పడవ నడపడానికి మనిషి కావాలని బోర్డు పెట్టినప్పుడు నరసాపురం నుంచి ఒకతను వచ్చాడు. పేరు నూకరాజు. చేపలవేట కుటుంబం. అప్పటికి కొన్నేళ్లుగా నరసాపురం రేవులో పంటు నడుపుతున్నాడు. అంటే మనుషుల్ని, బళ్లని గోదావరి దాటించే మోటారు పడవ. వేటలో అన్నని పోగొట్టుకున్నాక, నీళ్ల మీద పని వద్దని ఇంట్లో పోరుపెడితే ఇలా వచ్చాడు.

"పడవ నడిపింది ఉందా?" అని అడిగాను, నవ్వులాటకే.

"ఉందండి. ఇది నీళ్లు లేని పడవ, అంతేగదండి. మునిగే భయం లేదు" అన్నాడు.

మనిషి పనిలో నెమ్మది. పడవ అడుగున ఒక రబ్బరు చక్రం ఉంటుంది. అది తోస్తే పడవ ఊగుతుంది, అదే ఒత్తిపడితే ఆగుతుంది. లివరుతో ఆ చక్రాన్ని ఎత్తడం దించడం ఆపరేటరు పని. కొందరు జనాన్ని కేకలు పెట్టించాలని గట్టిగా తోస్తారు, ఆపేటప్పుడు కుదుపుతారు. నూకరాజు ఆపితే పడవ ఆగిందని ఎక్కినవాళ్లకి తెలిసేది కాదు. రేవులో ఒడ్డుకి తగలకుండా ఆపడం అలవాటు కదా.

ఆపరేటర్లందరికీ నేను పెట్టిన నియమం ఒకటుండేది. లివరు పట్టుకున్నవాడు ఎవరితోనూ మాట్లాడకూడదు. డాషింగ్ కార్ల దగ్గర ఒకడు ఫోనులో కబుర్లు చెబుతూ ఒక పిల్లాడి కాలిమీదకి కారు వదిలాక పెట్టిన నియమం అది. ప్రతి ఆపరేటరు ముందూ రేకు మీద ఎర్రరంగుతో నేనే రాశాను: 'ఆట నడుస్తుండగా మాట్లాడరాదు.' దాన్ని నూకరాజు పాటించినట్టు ఇంకెవరూ పాటించలేదు. టీ తెచ్చిన మనిషికి కూడా కళ్లతోనే చెప్పేవాడు, అక్కడ పెట్టమని.

అలాంటివాడు ఒకరోజు ఆట నడుస్తుండగా నన్ను కేకేశాడు.

"ఇంజినీరు గారూ, పడవ ఎడం పక్కకి లాగుతుందండి."

నేను ఆగి చూశాను. నాకు తిన్నగానే కనపడింది. పడవ ఆపాక ఇరుసు దాకా నిచ్చెన వేసుకుని ఎక్కాను. కుడిపక్క వెల్డింగు అతుకులు చూశాను, ఎడం పక్క వెనకది చూశాను, బోల్టులు చూశాను, గ్రీజు చూశాను. అంతా బాగుంది. దిగి వచ్చి చెప్పాను.

"లేదండి, లాగుతుంది. ఎడం పక్క ఏదో వదిలేత్తుందండి. పంటుకి అడుగుచెక్క లూజైతే ఇలాగే ఉంటాదండి, చేతికి తెలుత్తాది."

"నీ పంటు కాదయ్యా ఇది" అన్నాను.

వారం పోయాక మళ్లీ చెప్పాడు. మళ్లీ ఆట నడుస్తుండగానే, ఊగుతున్నప్పుడే ఆ లాగుడు తెలుస్తుంది గనక. అప్పుడు చుట్టూ జనం ఉన్నారు. నాకు చిరాకేసింది. రేకు మీది ఎర్ర అక్షరాలు చూపించి, "చదవడం వచ్చా? ఆట నడుస్తుండగా మాట్లాడకూడదని చెప్పానా లేదా?" అన్నాను.

"ఆయ్" అన్నాడు. ఇంక చెప్పలేదు.

బొట్టు

ఇక నేను తడమని చోటు.

దసరాకి ఆయుధపూజ చేయని కార్ఖానా మన దగ్గర ఉండదు. మిల్లులో చేశాం, పార్కులోనూ చేసేవాళ్లం. ప్రతి మెషీనుకీ పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసేవాళ్లం. పడవకి మాత్రం నేనే స్వయంగా పైకి ఎక్కేవాణ్ని. పడవని మోసే నాలుగు చేతులూ ఇరుసుని కలిసేచోట వెల్డింగు అతుకులుంటాయి. బరువంతా వాటి మీదే. అందులో ఎడం పక్క ముందు అతుకు తూర్పు ముఖంగా ఉండేది. అందుకని పసుపు, బొట్టు దానికే.

మొదటి ఏడాది పలచగా పూశాను. రెండో ఏడాది దాని మీదే ఇంకో పూత. బొట్టు చెరపకూడదు కదా. పెయింటర్లు వచ్చి పడవకి రంగులు వేసినప్పుడు కూడా, ఆ అరచెయ్యి మేర చోటు వదిలేసి చుట్టూ వేసేవారు. నేను చెప్పలేదు, వాళ్లంతట వాళ్లే వదిలేవారు. ఏడాదికో పూత చొప్పున గ్రీజు మరకతో కలిసి అది గట్టిపడింది. చివరికి గోడకి సున్నం పెచ్చులా తయారైంది.

నెలనెలా తనిఖీలో మిగతా మూడు అతుకుల్నీ గుడ్డతో తుడిచి, టార్చి వేసి, గోటితో గీరి చూసేవాణ్ని. నాలుగోదానికి దణ్ణం పెట్టేవాణ్ని. రిజిస్టరులో మాత్రం 'నాలుగూ సరి' అని రాసేవాణ్ని.

భక్తి తప్పని చెప్పడం లేదు. ఇవాళ్టికీ మా ఇంట్లో మిక్సీకి కూడా బొట్టు పెడతాను. ఎక్కడ పెట్టాలో చూసుకోమంటున్నాను. మూత మీద పెట్టండి, తలుపు మీద పెట్టండి. బరువు మోసేచోట ఏమీ పెట్టకండి. అక్కడ ఇనుము ఇనుములాగే కనపడాలి.

ఆ మధ్యాహ్నం

వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం పడవ నిండుగా ఊగుతోంది. నేను దెయ్యాల గుహ దగ్గర ఉన్నాను. ఠప్పుమని ఒక చప్పుడు, వెంటనే చెక్క విరిగిన చప్పుడు, ఆ తరవాత కేకలు. పడవ ఎడమకి వాలి, ఎక్కేందుకు కట్టిన మెట్ల చెక్కని రాసుకుంటూ పోయింది. చెక్క లేచి ఏడో తరగతి పిల్లకి తగిలింది. కంఠం కింది ఎముక విరిగింది. దేవుడి దయ, అంతకు మించి ఎవరికీ ఏమీ కాలేదు. నూకరాజు రెండు ఊపుల్లో పడవని ఆపేశాడు. ఆగాక చూస్తే తిన్నగానే వేలాడుతోంది, ఏమీ ఎరగనట్టు.

ఆ పిల్ల కోలుకుంది. కానీ ఊళ్లో మాట పుట్టింది. ఎవరి తప్పని అడిగేవాళ్లు గేటు ముందు నిలబడ్డారు. వీరభద్రం గారు మూడు రోజులు నిద్రపోలేదు. మెషీను తప్పంటే పార్కు మూయాలి. మనిషి తప్పంటే మనిషిని పంపేస్తే సరిపోతుంది.

మర్నాడు పొద్దున నన్ను పైకి ఎక్కి చూసి రమ్మన్నారు. ఎక్కాను. ఎడం పక్క అతుకు మీద పసుపు పెచ్చుకి అడ్డంగా, బొట్టు మధ్యలోంచి, వెంట్రుకంత గీత ఉంది. గీత వెంట తుప్పు రంగు.

ఎండిన పసుపు పగలదా, పగులుతుంది. అలా అనుకున్నాను. గీకి చూడాలంటే జేబులో ఇనుము కోసే హాక్సా బ్లేడు ముక్క ఉంది. ఒక్క నిమిషం పని. గీకలేదు. గీకితే కనపడుతుంది, కనపడితే చెప్పాలి, చెబితే ఆ రిజిస్టరులో సంతకాలన్నీ నావే. ఇన్నేళ్లుగా దీన్ని రకరకాలుగా చెప్పుకున్నాను. కంగారన్నాను, పిల్లల చదువులన్నాను. సంగతి ఇంతే. భయపడ్డాను.

దిగి వచ్చి, "పైన బాగానే ఉందండి" అన్నాను.

వీరభద్రం గారు నా మొహం కాసేపు చూశారు. ఆయనకి మనుషులు తెలుసని చెప్పాను కదా. "అయితే బ్రేకేనంటావా?" అన్నారు.

"ఏమోనండి. ఒక్కసారిగా పట్టి ఉండొచ్చు."

ఆ 'ఉండొచ్చు' చాలింది. నూకరాజుని పిలిచి, బ్రేకు తప్పు తనదేనని, ఇంక పనిలోకి రావద్దని చెప్పారు. నేను ఆ గదిలోనే ఉన్నాను. అతను వాదించలేదు. "నా చెయ్యి జారినట్టు నాకు తెలీలేదండి" అన్నాడు. తన చెయ్యి వంక చూసుకుని మళ్లీ, "ఏమో లెండి, పెద్దోళ్లు మీరు చూశారుగదా" అన్నాడు. నా మాట నమ్మాడు. నేను ఇంజినీరు గారిని.

పడవని ఆ తరవాత ఎప్పుడూ తిప్పలేదు. శకునం బాగోలేదని వీరభద్రం గారు గొలుసు వేయించి, దీపాలు పెట్టి బొమ్మలా ఉంచారు. కొన్నేళ్లకి మాల్సు వచ్చాయి, మా ఏసీకి జనం రావడం తగ్గింది. పార్కు మూతపడింది. ఆయనా పోయారు. నేను ఇంటికొచ్చేశాను.

ఫోను

మొన్న వేసవిలో వీరభద్రం గారి అబ్బాయి ఫోన్ చేశారు. గొడౌను కూలగొట్టేస్తున్నారట. ఆటల మెషీన్లు కొనడానికి ఎగ్జిబిషన్ల ఆయన ఒకరు వచ్చారట. జాతరల్లో, తీర్థాల్లో పెడతారట.

"పడవ మీద మోజు పడ్డాడండి అంకుల్. రంగులేస్తే చాలంటున్నాడు. మెషీను బాగుందని మీరొక లెటర్ రాసిస్తే చాలు. మీకంటే తెలిసినవాళ్లెవరండి?"

ఆ పడవ మళ్లీ పిల్లల్ని ఎక్కించుకుని ఊగుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. తుక్కుగా పోతుందని, దానితో పాటే ఆ గీతా పోతుందని ఎదురుచూస్తూ కూర్చున్నాను.

రాయనని అక్కడికక్కడ చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు. వచ్చి చూస్తానన్నాను. నాకు మోకాళ్లు పనిచేయవు, పైకి ఎక్కలేను, ఎక్కేవాడు కావాలన్నాను. ఆ మర్నాడు నరసాపురం పాసింజరు ఎక్కాను.

నూకరాజు ఇల్లు రేవుకి దగ్గరే. అతను లేడు. వాళ్లావిడ మంగ అరుగు మీద కూర్చుని లేసు అల్లుతోంది. ఫలానా అని చెప్పగానే సూది ఆగింది.

"ఆ ఆటల పార్కు ఇంజినీరు గారు మీరేనాండి?"

"నేనేనమ్మా. పంటు నడుపుతున్నాడా?"

"నడపడండి. తాడేత్తాడు. జనాన్ని ఎక్కిత్తాడు, దింపుతాడు. సరంగు రానిరోజు కూడా చుక్కాని ముట్టుకోడు. నా చెయ్యి మంచిది కాదే, పసిపిల్లని కొట్టింది అంటాడండి." మళ్లీ అల్లడం మొదలుపెట్టి, "మీరొచ్చిన పనేంటండి?" అంది.

చెప్పడానికే వెళ్లాను. ఆవిడ మొహం చూశాక మాట మార్చాను. "ఒక్కరోజు పనుంది, సాయానికి తీసుకెళ్దామని" అన్నాను. అరవై ఏడేళ్ల మనిషిని, అప్పుడు కూడా భయపడ్డాను.

మళ్లీ లోపలికి

రెండు రోజుల తరవాత ఇద్దరం గేటు ముందు కలిశాం. జుట్టు నెరిసింది గానీ మనిషి అలాగే ఉన్నాడు. "బాగున్నారాండి?" అన్నాడు. అంతే.

ఓనరు అబ్బాయి తాళం తీశారు. ఎగ్జిబిషన్ల ఆయన కూడా ఉన్నాడు. తలుపు తీయగానే ఏసీ చల్లదనం మొహానికి తగులుతుందని నా ఒళ్లు ఎదురుచూసింది. వేడిగాలి, గబ్బిలాల కంపు తగిలాయి. వాటి వెనక పాత ధాన్యం బస్తాల వాసన. ఇన్నేళ్ల తరవాత గొడౌను మళ్లీ గొడౌను అయిపోయింది.

పైన నీలి గుడ్డ పీలికలై వేలాడుతోంది. రేకులకి చిల్లులు పడి, వాటిలోంచి ఎండ చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతోంది. రైలుపట్టాల మధ్య గడ్డి మొలిచింది. డాషింగ్ కార్లు నీళ్ల మడుగులో మూలకి చేరి ఉన్నాయి. చల్లగాలి గొట్టం ఊడి పెద్దావిడ కూర్చునే బెంచీ మీద పడి ఉంది. ఆవిడ ఉందో లేదో. నేలంతా చెప్పులు, అన్నీ ఒంటి చెప్పులే. నాకు ఏడుపు రాలేదు, అలసటొచ్చింది. ఎక్కడైనా కూర్చుంటే బాగుండుననిపించింది, కూర్చోవడానికి ఏమీ లేదు.

పడవ ఉంది. హంస ముక్కు విరిగింది. ఆపరేటరు నిలబడేచోట రేకు మీద నా ఎర్ర అక్షరాలు సగం చెరిగి ఇంకా ఉన్నాయి. నూకరాజు లివరు వైపు వెళ్లలేదు. దూరంగా నిలబడ్డాడు.

"ఏముందండి ఇందులో" అన్నాడు ఎగ్జిబిషన్ల ఆయన. "రెండు కోటింగులు రంగు కొడితే పెళ్లికూతురే."

నేను జేబులోంచి హాక్సా బ్లేడు ముక్క తీసి నూకరాజుకి ఇచ్చాను. "పైకెక్కు. ఎడం పక్క ముందు అతుకు మీద పసుపు ఉంటుంది. గీకెయ్."

"బొట్టండి అది" అన్నాడు.

"నేను పెట్టిందే. గీకెయ్."

నిచ్చెన జాగ్రత్తగా చూసుకుని ఎక్కాడు. తరవాత గీకుతున్న చప్పుడు. పసుపు పొడి, ఎర్ర తుప్పు కలిసి కింద నా చొక్కా మీద రాలింది. గీకడం ఆగింది. మళ్లీ గీకాడు. మళ్లీ ఆగింది. ఎంతసేపో తెలియదు. ఓనరు అబ్బాయి ఫోను చూసుకుంటున్నారు.

"ఎడం పక్కేనండి" అన్నాడు పైనుంచి.

పసుపు పొడి ఇంకొంచెం రాలింది.

"వేలు గోరు దూరుతుందండి. సగం పైగా తెగిపోయింది. పాతదండి ఇది. లోపలంతా నల్లగా తుప్పట్టేసి ఉంది, ఈమధ్యది కాదు." "నేను చెప్పానుగదండి, ఎడం పక్కని" అన్నాడు.

దిగి వచ్చాడు. బ్లేడు ముక్క నా చేతిలో పెట్టాడు. అతని చేతులు పసుపు.

"మీకు తెలుసాండి?"

"గీత చూశాను. గీకలేదు."

"ఎప్పుడండి?"

"ఆ మర్నాడే."

కోప్పడతాడనుకున్నాను. కొట్టినా పడి ఉండేవాణ్ని. నా వంక చూడలేదు. నడుచుకుంటూ వెళ్లి లివరు దగ్గర నిలబడ్డాడు. పట్టుకుని చూశాడు. తుప్పుపట్టి కదలలేదు.

"ఫోటో తియ్యండి" అన్నాడు ఓనరు అబ్బాయితో, తన ఫోను ఇస్తూ. "పైకెళ్లి ఆ అతుకుది తియ్యండి, కనపడేలాగ. మా ఆడోళ్లకి చూపించాలి."

నేను అక్కడే, మెట్ల చెక్క మీద కాయితం పెట్టి రాశాను. ఈ పడవ మనుషుల్ని ఎక్కించడానికి పనికిరాదని. ఏళ్ల కింద జరిగిన ప్రమాదానికి కారణం ఈ అతుకని, దాన్ని తనిఖీ చెయ్యకుండా చేశానని రాసింది నేనేనని, ఆపరేటరు తప్పు ఏమీ లేదని. పేరు రాసి సంతకం పెట్టాను. ఎగ్జిబిషన్ల ఆయన ఒకసారి చదివి, పడవ వద్దన్నాడు. దాన్ని ముక్కలు కోసి తుక్కు కింద తూచేశారని తరవాత తెలిసింది. కాయితానికి ఇంకో నకలు రాసి నూకరాజుకి ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బస్టాండు దాకా ఆటోలో కలిసి వెళ్దామన్నాను. "నేను నడిచెల్తానండి" అన్నాడు.

చివరిగా

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకి చెప్పేది ఇంకేమీ లేదు. లివరు పట్టుకున్నవాడి మాట మీ డిప్లొమా కంటే పెద్దది. అతని నోరు మూయించడానికి మీ నియమాల్ని వాడకండి. నేను రాసిన ఆ ఎర్ర అక్షరాలు మంచివే. వాటిని వాడుకున్న తీరే పాపం.

నెల రోజులయ్యాక ఉండబట్టలేక నూకరాజుకి ఫోన్ చేశాను. క్షమించమని అడగాలని ఆ నెలంతా మాటలు కూర్చుకున్నాను. అక్కడ ఇంజిను చప్పుడు పెద్దగా వినపడుతోంది. నీళ్ల చప్పుడు, జనం మాటలు. ఎవరో బైకు పక్కకి జరపమని అరుస్తున్నారు.

"ఎవరండి?"

"నేను నూకరాజూ, ఇంజినీరు గారిని."



"పంటు మీదున్నానండి. చుక్కాని నా చేతిలో ఉంది. నడుపుతున్నప్పుడు మాట్లాడకూడదని మీరే చెప్పారుగదండి" అన్నాడు, పెట్టేశాడు.

అతను తిరిగి చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.